మూడు దగ్గులు, ఒక మాట

పొలంలో అడుగుపెట్టే ముందు మనిషి మూడుసార్లు దగ్గాలి అన్న నియమం మా ఊళ్లో ఎప్పుడు పుట్టిందన్న విషయం మీద పెద్దల్లో రెండు వాదాలున్నాయి. ఇరవై రెండేళ్ల క్రితం ఒక మంగళవారం పొద్దున పుట్టిందని ఒక వర్గం. కాదు, అంతకు ముందు ఆదివారమే పుట్టింది, మంగళవారం నాడు వినిపించినది కేవలం రెండో విడత దగ్గు అని మరో వర్గం. ఇద్దరి దగ్గరా ప్రత్యక్ష సాక్షులున్నారు. పాలకేంద్రం ముందు బల్ల మీద ఈ చర్చ జరిగిన రోజుల్లో పాలు విరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు వర్గాలూ ఏకాభిప్రాయంతో ఒప్పుకునేది ఒక్కటే. ఆ దగ్గు దగ్గినవాడు దగ్గుమామ.

దగ్గుమామకు అసలు పేరొకటి ఉంది. అది ఓటరు కార్డులో భద్రంగా ఉంది. అక్కణ్ణించి దాన్ని బయటికి తీయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. అతని భార్య జన్మలో గట్టిగా దగ్గి ఎరగదు, అయినా ఊరంతా ఆమెను దగ్గత్త అనే పిలుస్తుంది. ఆమె బట్టలు కుడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు "దగ్గత్త దగ్గర కుట్టించుకోండి" అన్న సలహా విని కాస్త వెనకాడతారు. కుట్టు చూశాక ముందుకొస్తారు.

మామ వయసులో ఉండగా తొమ్మిదేళ్లు దూది మిల్లులో పనిచేశాడు. గింజను దూదినుంచి వేరుచేసే యంత్రం కింద నిలబడి, రాలిన గింజల్ని పారతో తోడిపోయడం పని. ఆ గదిలో ఎండ పడితే గాలి తెల్లగా కనిపించేది. మిల్లు అతనికి జీతమూ ఇచ్చింది, దూదీ ఇచ్చింది. జీతం ఎప్పుడో ఖర్చయిపోయింది. దూది ఇప్పటికీ గొంతులోనే ఉంది. ఒక రేకు పెట్టె, ఒక దగ్గు తీసుకుని అతను ఊరికి తిరిగొచ్చి, బీడు అంచున తండ్రి వదిలిన మూడెకరాలు దున్నుకోవడం మొదలుపెట్టాడు.

బీడంటే చెట్లు లేని గడ్డి మైదానం. దాంట్లో జింకలుంటాయి. మగవాటికి మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములు, నల్లటి వీపు. ఆడవీ పిల్లలూ ఎండిన గడ్డి రంగులో ఉంటాయి. ఇలాంటివి ఇంకా మిగిలివున్న చోట్లు చాలా తక్కువనీ, ఆ తక్కువలో మాది ఒకటనీ అటవీశాఖ గార్డు ఏడాదికి రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్తాడు. చెప్పేటప్పుడు టోపీ తీస్తాడు. ఊరివాళ్లకు ఆ గౌరవం జింకలకో తమకో తెలియక, తామూ తలగుడ్డలు సవరించుకుంటారు.

గౌరవం సరే, జింక పైరు మేస్తుంది. పూర్వం అందరూ డబ్బాలు కొట్టి, రాళ్లు రువ్వి తరిమేవాళ్లు. బెదిరిన మంద చేను అడ్డంగా పడి దూకేది. తిన్నదానికన్నా తొక్కింది మూడింతలు. మామ కూడా అందరిలాగే తరిమేవాడే గాని, డబ్బా చేతికి తీసుకునేలోగా అతనికి దగ్గొచ్చేది. కొన్నాళ్లకు ఒక విషయం గమనించాడు. దగ్గు వినగానే మంద తలలెత్తి అటు చూసి, సాలు వెంబడే ఒకదాని వెనక ఒకటి నడిచి, గట్టు దిగి బీట్లోకి వెళ్లిపోతోంది. మేడమీది పెద్దింటివాళ్లు భోజనం ముగించి లేచినంత నెమ్మదిగా. ఒక్క కంకి కూడా విరగలేదు.

ఇరుగుపొరుగు చూశారు, తామూ దగ్గారు. మొదట్లో జింకలు నమ్మలేదు. కృత్రిమంగా దగ్గేవాడు చాలాసేపు దగ్గాల్సి వచ్చేది. రెండేళ్లకు మందకూ అలవాటైంది, మనుషులకూ అలవాటైంది. చేను బయటి రెండు సాళ్లు జింకలకు వదిలెయ్యడం, లోపలికి అడుగుపెట్టే ముందు మూడుసార్లు దగ్గడం ఊరి పద్ధతి అయిపోయాయి. ఒకసారి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పొద్దున్నే ఊరు ఊరంతా దగ్గుతూ పొలాలకు పోవడం చూసి హడలిపోయి, పుట్టింటికి కబురుపెట్టింది. ఆమె తండ్రి ఆరోగ్య కేంద్రానికి కబురుపెట్టాడు. డాక్టరు బండేసుకుని వచ్చి ముప్పై ఎనిమిది మందిని వరసలో నిలబెట్టి ఛాతీలు పరీక్షించాడు. ఒక్కరికీ జబ్బు లేదు. "మరెందుకు దగ్గుతున్నారు?" అని అడిగాడు. కారణం విన్నాక ముప్పై తొమ్మిదో ఛాతీగా తనదే పరీక్షించుకున్నాడు.

తరవాత అటవీశాఖవాళ్లు ఊరి మొదట్లో ఒక బోర్డు పాతారు. "ఈ గ్రామస్తులు దగ్గు ద్వారా వన్యప్రాణులను సంరక్షించుచున్నారు" అని. పక్కన జింక బొమ్మ వేశారు. అది కొంచెం మేకలా వచ్చింది. అయినా ఊరు గర్వపడింది.

కోత మిషను వచ్చాక మామ హోదా మరీ పెరిగింది. కొడవళ్ల రోజుల్లో అతను అందరిలో ఒకడు. మిషను మాత్రం చేను మొదట్లో గుర్రుమంటూ ఆగి ఉంటే, మామ నాలుగు వైపులా నడిచి, వైపుకు మూడుసార్లు దగ్గుతాడు. మంద లేచి వెళ్తుంది. అప్పుడతను చెయ్యెత్తి "ఖాళీ" అంటాడు. ఆ మాట పడితేగాని డ్రైవరు గేరు వెయ్యడు. పెళ్లిళ్లకు పిలవని వాళ్లు కూడా కోతకు మామను పిలిచేవాళ్లు.

ఇదంతా నిరుటి దాకా.

నిరుడు మేష్టారి చేలో మామ దగ్గాడు. మంద వెళ్లింది. "ఖాళీ" అన్నాడు. మిషను సగం చేను కోసి, ఉన్నట్టుండి ఆగింది. డ్రైవరు దిగి, ముందున్న పళ్ల దగ్గర వంగి చూశాడు. తరవాత గోనెపట్టా తీసి దేనిమీదో కప్పి, పార పట్టుకుని గట్టు వైపు నడిచాడు. మామ దగ్గరికెళ్లాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు మామా." డ్రైవరు అడ్డంగా నిలబడ్డాడు. "కుందేలు."

పట్టా అంచున చిన్న గిట్ట ఒకటి బయటికి కనిపిస్తోంది. కుందేళ్లకు గిట్టలుండవని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కుందేలనే అనుకుని, గొయ్యి తీసి పూడ్చారు. మేష్టారికీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మామకు అర్థమైన విషయం చాలా చిన్నది. ఈనిన జింక పిల్లను పైర్లో దాచిపెట్టి తను దూరంగా మేస్తుంది. పూటకొకసారి వచ్చి పాలిచ్చి పోతుంది. ఏ చప్పుడైనా సరే, ఆ పసిది లేవదు. చెవులు వాల్చి నేలకు అంటుకుపోతుంది. మామ దగ్గు పెద్దవాటికి లేచి వెళ్లమని చెబుతుంది. పిల్లకు అదే దగ్గు ఇంకా గట్టిగా పడుకోమని చెబుతుంది. కొడవలి పట్టినవాడు చేతి ముందు పిల్ల కనిపిస్తే పక్కకు జరిగి కోసుకునేవాడు. మిషనుకు కళ్లు లేవు. దాని కళ్లు మామ అన్న ఆ ఒక్క మాట.

అప్పట్నుంచి మామకు కుదురు పోయింది.

వాళ్ల ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన దగ్గత్త కుట్టుమిషను. దాని కుడివైపు కత్తిరించిన గుడ్డల మూట, ఎడమవైపు గోడకు మేకులు, మేకులకు కుట్టడం పూర్తయిన బట్టలు, ప్రతి దానికీ పిన్నుతో గుచ్చిన చీటీ. నేలంతా దారప్పోగులు. మామ వెనక గదినుంచి బయలుదేరి, కుట్టుమిషను చుట్టూ తిరిగి, గుమ్మంలో నిలబడి బీడు వైపు చూసి, మళ్లీ వెనక గదికి వెళ్లేవాడు. మళ్లీ బయలుదేరేవాడు. అంచుల దారాలు అతని పాదాలకు చుట్టుకుని ఇల్లంతా ప్రయాణం చేసేవి.

"ఏమయ్యా," అనేది దగ్గత్త, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే. "నువ్వు తిరిగినంత నా మిషను చక్రం తిరిగితే ఈపాటికి ఊరందరికీ రెండేసి జతలు కుట్టేదాన్ని. కాస్త కూర్చో."

"కూర్చున్నాగా."

"కూర్చోలేదు. గోడకు ఆనావు. కడుపులో నొప్పా?"

"లేదు."

"తిండి సగంలో లేస్తున్నావు. నిద్రలో లేస్తున్నావు. చివరికి ఏ పనీ లేక నిలబడ్డప్పుడు కూడా లేచినట్టే ఉంటావు. ఆ డాక్టరుకు చూపించుకో."

"ఆయన మళ్లీ ఛాతీ చూస్తాడు," అని మామ బయటికి వెళ్లిపోయేవాడు.

ఈ ఏడాది కొర్ర కోతకు వచ్చింది. మిషను పైనున్న పొలాలనుంచి ఒక్కొక్క చేనే కోసుకుంటూ దిగుతోంది. దాని చప్పుడు సోమవారం గుట్ట అవతల వినిపించింది, మంగళవారం గుట్ట ఇవతల. బుధవారం గుమ్మంలో కూర్చుంటే వినిపించసాగింది. శుక్రవారం పొద్దున మొదటి వంతు మామ బావమరిదిది, అంటే దగ్గత్త తమ్ముడిది. మామ పొలం పక్కనే అతనికి నాలుగెకరాల కొర్ర. ఆ వంతు తప్పితే మిషను మళ్లీ పన్నెండు రోజులకుగాని రాదు. ఆకాశంలో పడమటి దిక్కున మబ్బు రోజూ వచ్చి చూసి పోతోంది.

సరిగ్గా ఆ నాలుగెకరాల మూల దగ్గర మూడు రోజులుగా ఒక ఆడజింక ఒంటరిగా తిరుగుతోంది. మంద బీట్లో ఉంటే ఇది గట్టు మీద. నాలుగు పరకలు కొరికి, తలెత్తి చేను వైపు చూస్తుంది. మనిషి కనిపిస్తే అవతలికి నడుస్తుంది, కాని దూరం పోదు. పొదుగు నిండుగా ఉంది.

మామకు చూడగానే తెలిసిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఒక్కడే చేలో దిగాడు. కొర్ర నడుమెత్తు ఉంది, కంకుల బరువుకు ఒకదానిమీద ఒకటి వాలి ఉంది. చేతులతో పాయ తీసుకుంటూ నడిస్తే అటు ఒక మూర, ఇటు ఒక మూర కనిపిస్తుంది. మిగతా నాలుగెకరాలూ కనిపించవు. గురువారం మళ్లీ దిగాడు. ఎక్కడ వెతికాడో ఎక్కడ వెతకలేదో కలిసిపోయింది. సాయంత్రానికి బావమరిది గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, ఏం పోగొట్టుకున్నావు? చెబితే నేనూ వెతుకుతా. చెప్పకపోతే మాత్రం నా కొర్ర తొక్కమాకు."

"ఆ ఆడజింకను చూశావా?"

"చూడక? మూడు రోజుల్నుంచి ఇక్కడే తచ్చాడుతోంది."

"దాని పిల్ల లోపలుందిరా."

"ఉంటే ఉండనీ. పొద్దున నువ్వు దగ్గితే పోతుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఊరికే వచ్చిందా బోర్డు?"

మామ నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. దగ్గాడు. అవతల గట్టు మీది ఆడజింక బుద్ధిగా నాలుగడుగులు జరిగింది.

"చూశావా!" అన్నాడు బావమరిది. "ఇక్కణ్ణించి దగ్గితే అక్కడ పనిచేస్తోంది. నువ్వు మనిషివి కాదు బావా, లౌడు స్పీకరువి. ఇంటికెళ్లి పడుకో. మబ్బు చూడు, నాకు ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి."

"ఒక్క వంతు ఆగితే..."

"ఆగితే? పన్నెండు రోజులు. ఈలోగా వాన కొడితే కంకిలోనే మొలకొస్తుంది. అప్పుడు మా అక్క దగ్గర కూర్చుని నేనూ గుడ్డలు కుట్టుకోవాలి. నా కుట్టు నువ్వు తొడుక్కుంటావా?"

మామ ఇంటిదారి పట్టాడు. దగ్గు పిల్లల మీద పనిచెయ్యదు అనాలంటే ఎలా తెలుసని అడుగుతారు. ఎలా తెలుసో చెప్పాలంటే మేష్టారి చేను సంగతి చెప్పాలి. అది చెబితే ఇరవై రెండేళ్ల మర్యాద, మేకలాంటి జింక బొమ్మతో సహా, ఒక్క పూటలో నేలమీద పడుతుంది. చెప్పకపోతే రేపు పొద్దున అదే చెయ్యెత్తి అదే మాట అనాలి. ఇంటికి పోయేదాకా ఈ రెండింటి మధ్యా తిరిగాడు. ఇంట్లో కూడా తిరిగాడు.

శుక్రవారం తెల్లవారేసరికి మిషను గట్టు దగ్గరికి వచ్చేసింది. ఎర్రటి ఒళ్లు, ముందు పొడుగునా పళ్లు, మనిషెత్తు చక్రాలు. ఊళ్లో పొలం పనికి పోవాల్సిన వాళ్లూ, పోనవసరం లేని వాళ్లూ, పాలకేంద్రం గుమాస్తాతో సహా ముప్పైమంది దాకా చేరారు. కోతకు ముందు దగ్గు చూడటం ఊళ్లోవాళ్లకు సరదా. పక్క ఊరునుంచి ఎవరో చుట్టాన్ని కూడా తీసుకొచ్చి ముందు వరసలో నిలబెట్టారు.

మామ చెప్పుల్లేకుండా వచ్చాడు. తూర్పు వైపు నడిచి దగ్గాడు. ఉత్తరం దగ్గాడు. పడమర దగ్గేసరికి కొర్ర మధ్యలోంచి మెలికల కొమ్ములు పైకి లేచాయి. ఇరవై పైచిలుకు జింకలు, ఏ తొందరా లేకుండా, సాలు వెంట నడిచి గట్టు దాటాయి. చుట్టం నోరు తెరిచి చూశాడు. దక్షిణం కూడా దగ్గాడు. అప్పటికే అన్నీ పోయాయి. ఒక్క ఆ ఆడజింక మాత్రం మూలన నిలబడి, ఇటు తిరిగి చూస్తోంది.

అందరూ మామ చెయ్యి వైపు చూశారు. డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు.

చెయ్యి లేవలేదు.

"బావా," అన్నాడు బావమరిది. "మాట."

"ఖాళీ కాదు."

"ఏంటి?"

"ఖాళీ కాదురా. పిల్ల లోపలే ఉంది."

"దగ్గావుగా!"

"దగ్గితే పిల్ల లేవదు. ఇంకా అణిగి పడుకుంటుంది."

"ఇరవై రెండేళ్లుగా లేస్తోందిగా?"

"పెద్దవి లేస్తున్నాయి. పిల్లల్ని మనం కొడవలితో కోసినప్పుడు కళ్లతో చూసి తప్పించాం. దగ్గుతో కాదు." మామ గొంతు సవరించుకోబోయి, మానేశాడు. "నిరుడు మేష్టారి చేలో నేను ఖాళీ అన్నాను. ఖాళీ కాదు. మిషను కింద పడింది ఒకటి. గట్టు కింద పూడ్చాం. నేనే చెప్పలేదు."

డ్రైవరు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"కుందేలని నేనే అన్నాను," అన్నాడు, స్టీరింగు వైపు చూస్తూ. "మామ మొహం చూడలేక అన్నాను. ఆ వారమంతా నాకూ అన్నం దిగలేదు."

పాలకేంద్రం గుమాస్తా చాలా గంభీరంగా ఆలోచించి, "అయితే బోర్డు సంగతేంటి?" అన్నాడు.

"బోర్డు నీ నెత్తిన పాతుకో," అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. దగ్గత్త. ఒక చేతిలో మామ చెప్పులు, మెడలో కొలత టేపు, పెదాల మీద ఇంకా తీయని గుండుసూది ఒకటి. సూది తీసి పైట కొంగుకు గుచ్చుకుని మొగుడి ముందుకొచ్చింది. "ఏడాదిగా తిండి మానేస్తే కడుపులో పుండనుకున్నాను. కషాయాలు కాచాను. దీనికా?"

"దీనికే."

"నాతో చెబితే నేనేమన్నా కొరికేస్తానా?" అని చెప్పులు అతని కాళ్ల ముందు పడేసింది. "తొడుక్కో. ముళ్లున్నాయి." తరవాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఎంతసేపు పడుతుంది వెతకటానికి?"

"అక్కా, బావ రెండు రోజులు వెతికాడు, దొరకలేదు. ఇప్పుడెక్కడ..."

"ఆయనొక్కడూ వెతికాడు. గుడ్డ మీద గుర్తు పెట్టుకోకుండా కత్తెర వేస్తే చొక్కాకు మూడు చేతులొస్తాయి. మనం ముప్పైమందిమి ఉన్నాం. బారకొకళ్లు నిలబడితే సగం చేను వెడల్పు నిండుతాం. ఒకసారి అటు, ఒకసారి ఇటు. రెండు విడతలు."

"ముప్పైమంది తొక్కితే నా కొర్ర?"

"సాళ్ల మధ్య నడవమను. నీ పైరు పాడైతే నీకు జీవితాంతం బట్టలు ఊరికే కుడతాను, సరేనా?"

బావమరిది పడమర మబ్బును ఒకసారి, అక్క మొహాన్ని ఒకసారి చూశాడు. రెండింట్లో మబ్బే నయమనిపించినట్టుంది. పంచె ఎగ్గట్టాడు.

దగ్గత్త టేపు తీసి మొదటి ఇద్దరి మధ్య దూరం కొలిచింది. మిగతా వాళ్లంతా చేతులు బారచాపి సర్దుకున్నారు. చూడ్డానికొచ్చిన చుట్టం కూడా వరసలో నిలబడవలసి వచ్చింది. డ్రైవరు దిగి చివర నిలబడ్డాడు. మామ మధ్యలో. వరస కదిలింది. ప్రతివాడూ తన ముందున్న సాలును రెండు చేతులతో విడదీసి, మొదలు చూసి, అడుగు వేస్తున్నాడు. మాటల్లేవు. కొర్ర ఆకు ఒరుసుకునే చప్పుడు, ఎవరో ఒకరు కాలికి ముల్లు గుచ్చుకుని మింగిన తిట్టు, అంతే. మొదటి విడతలో ఒక పిట్టగూడు, ఎవరో పోయిన ఏడు పోగొట్టుకున్న కొడవలి, ఒక చెప్పు దొరికాయి. రెండో విడతకు వరస తిప్పారు. చెమటలు కారుతున్నాయి. కొర్ర నూగు గాల్లోకి లేస్తోంది. మామకు గొంతులో ముప్పై ఏళ్ల దూది కదలడం మొదలుపెట్టింది. భుజాన ఉన్న తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

చేను ముప్పాతిక అయిందనగా బావమరిది ఆగిపోయాడు. ఒక కాలు నేలమీద, ఒక కాలు గాల్లో. చేతులు రెండు రెక్కల్లా చాచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "ఎవరూ రావద్దు," అన్నాడు. "ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చకండి. ఇదిగో ఉంది. నా కాలి కింద. తొక్కబోయాను. అక్కా, తొక్కబోయానే!"

"కాలు వెనక్కి పెట్టు," అంది దగ్గత్త, అంతే చిన్నగా.

"ఎటు వెనక్కి?"

"వెనకంటే ఎన్ని ఉంటాయిరా? నువ్వొచ్చిన వైపు."

అది కొర్ర మొదళ్ల మధ్య ఒక మట్టిగడ్డలా పడి ఉంది. చెవులు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి. ముక్కు మాత్రం అదురుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరివైపూ చూడటం లేదు. గార్డు చెప్పిన మాట అందరికీ తెలుసు, తాకకూడదు, మనిషి వాసన తగలకూడదు. ఎవరూ వంగలేదు.

మామ మాత్రం చూడలేదు. రెండు రోజులు వెతికినా దొరకనిది పదడుగుల్లో ఉండగా అతని గొంతు తిరగబడింది. తువ్వాలును రెండు చేతులతో నోటికి అదుముకుని, కళ్లనీళ్లు కారుతుండగా, సాలు వెంట వంగి పరిగెత్తి, గట్టు దాటి, రోడ్డు దాటి, అవతలి కల్వర్టు దగ్గర నిలబడి కడుపారా దగ్గాడు. ఇక్కడికి వినిపించింది. పిల్ల ఇంకాస్త అణిగింది.

దగ్గత్త నాలుగు కర్రలు తెప్పించింది. సంచిలోంచి ఎర్ర లైనింగు గుడ్డ పీలికలు తీసి కొసలకు కట్టింది. పిల్ల చుట్టూ నాలుగు మూలలా, ఒక చిన్న గది మేర వదిలి, పాతారు. డ్రైవరు మళ్లీ మిషనెక్కి, ఆ మొత్తం చేనును అవతలనుంచి కోసుకుంటూ వచ్చి, ఎర్రగుడ్డల దగ్గర వేగం తగ్గించి, ఇస్త్రీ పెట్టెను చొక్కా బొత్తాం చుట్టూ తిప్పినంత జాగ్రత్తగా చుట్టూ తిప్పాడు. వీధిలో బండి తోలేటప్పుడు అతనిలో ఆ జాగ్రత్త ఎవరూ చూడలేదు. బావమరిది గట్టు మీద నిలబడి, అటు వచ్చే ప్రతి వాణ్ణీ "మెల్లగా, పసిపిల్ల ఉంది" అని కసురుతూనే ఉన్నాడు.

పొద్దు వాలాక కోసిన చేను మధ్య ఆ ఒక్క మడి మాత్రం నిలబడి ఉంది. ఆడజింక గట్టు దిగి, మోడుల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చి, కర్రలకున్న ఎర్రగుడ్డల్ని కాసేపు అనుమానంగా చూసి, లోపలికి దూరింది. మర్నాడు పొద్దున్నే చూస్తే మడిలో పడుకున్న గుంట ఉంది. పిల్ల లేదు. బీడు అంచున, గడ్డిలో, ఆడజింక ఒక చోటు చుట్టూ తిరుగుతూ కనిపించింది.

మామ ఆ రోజు కడుపునిండా తిన్నాడు. మధ్యలో రెండుసార్లు మాత్రమే లేచాడు. దగ్గత్త దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంతకు ముందు అతనికి ఒక చేను బెంగ, ఇప్పుడు వరసలో ఉన్న పధ్నాలుగు చేల బెంగ. సాయంత్రం మళ్లీ కుట్టుమిషను చుట్టూ తిరుగుతుంటే, "ఇప్పుడేంటి?" అందామె.

"రేపు పాలకేంద్రం వాడి చేను. వాడు సాళ్లు వంకర వేశాడు. వరస ఎలా నిలబెట్టాలి?"

"టేపు తీసుకుపో," అంది దగ్గత్త, తల ఎత్తకుండా. "మళ్లీ తెచ్చివ్వు. పోయినసారి తీసుకుపోయిన టేపు ఇంతవరకూ రాలేదు."

ఆదివారం పాలకేంద్రం ముందు ఊరంతా సమావేశమైంది. దగ్గును రద్దు చెయ్యాలా, కొనసాగించాలా అన్నది చర్చ. రద్దు చేస్తే మంద మళ్లీ బెదిరి దూకుతుందని కొందరు. కొనసాగిస్తే జనం మళ్లీ దాన్నే నమ్ముకుని కూర్చుంటారని కొందరు. మేష్టారు లేచి, తన గట్టు కింద ఏముందో తనకు చెప్పనందుకు మామను ఒక్క క్షణం చూసి, చెప్పినందుకు ఇంకొక్క క్షణం చూసి, మళ్లీ కూర్చున్నారు. మామ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కూర్చునేవాడు కాదు. మూడు గంటల తరవాత మూడు తీర్మానాలు జరిగాయి. మూడు దగ్గులూ యథాతథంగా ఉంటాయి. దగ్గు తరవాత బారకొకరు చొప్పున నడవాలి. వరస చివరిదాకా నడిచి చూడకుండా "ఖాళీ" అన్న మాట ఎవరూ, దగ్గుమామతో సహా, అనకూడదు.

బావమరిది ఆ సభలో నలభై నిమిషాలు మాట్లాడాడు. అతని కాలు గాల్లో నిలిచిన వ్యవధి శుక్రవారం అర నిమిషం, శనివారం పది నిమిషాలు, ఆదివారానికి దాదాపు పావు గంట అయింది. పిల్ల కోసం తాను వదులుకున్న పైరు కూడా అలాగే పెరిగింది. మొదట కొంచెం అన్నాడు, తరవాత చెప్పుకోదగ్గంత అన్నాడు. సభ ముగిసే వేళకు పావు ఎకరం అయింది. "జాతి సంపద కోసం నా నోటి దగ్గర ముద్ద వదిలాను" అన్నప్పుడు చప్పట్లు పడ్డాయి. పక్క ఊరి చుట్టం అందరికన్నా గట్టిగా కొట్టాడు. కబురు విని వచ్చిన గార్డు టోపీ తీసి, ఇలాంటి త్యాగాన్ని పై ఆఫీసుకు రాసి పంపాలనీ, బోర్డు మీద కూడా ఒక వాక్యం చేర్చే ఆలోచన ఉందనీ, వదిలిన పంట ఎంతో ఖచ్చితంగా కావాలనీ అన్నాడు.

సోమవారం పొద్దున బావమరిది, గార్డు ఎదురుగా, ఆ నాలుగు కర్రల మధ్య కొర్రను కొడవలితో కోసి, కాళ్లతో నలిపి, చేటలో చెరిగి, పాలకేంద్రం కాటాలో పెట్టి తూచాడు. రెండు కిలోల మూడొందల గ్రాములు.